ఆనీ ఆనకుండా

అమ్మ ఊపిరి బిగబట్టి కొలుస్తోంది. పక్కన కూర్చున్న సృజన కాలు మాత్రం ఊగుతూనే ఉంది.

"కాలు ఆపవే. దుప్పటి కదుల్తున్నది," అంది అమ్మ తల ఎత్తకుండానే.

సృజన కాలు ఆపింది. వెంటనే వేళ్ళు మొదలుపెట్టాయి. నేల మీద టకటకా కొట్టాయి. అమ్మ ఒక చూపు చూసింది. వేళ్ళు కూడా ఆగాయి. అప్పుడు సృజన గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

సృజన ఎప్పుడూ అంతే. లిఫ్టు బటన్ వెలిగాక కూడా నొక్కుతూనే ఉంటుంది. నూడుల్స్ ఉడికాయో లేదో అని మూత పదిసార్లు తీస్తుంది. ఆగమంటే ఆమెకు ఒంటి మీద చీమలు పాకినట్టు ఉంటుంది.

హాల్లో సోఫాను గోడకు జరిపి, పాత దుప్పటి పరిచి, అమ్మ దాని మీద ఒక కార్బురేటర్‌ను పెట్టుకుంది. ఏసీ ఆపేసింది. రెండు కిటికీలూ తెరిచింది. సౌదీలోని ఈ ఖోబర్‌లో మధ్యాహ్నం పూట ఎవరూ అలా చేయరు. కానీ పెట్రోలు వాసన పోవాలంటే తప్పదు. వేడిగాలి కర్టెన్లను తోసుకుంటూ లోపలికి వస్తోంది. అమ్మ మెడ మీద చెమట కారుతోంది. ఆమె తుడుచుకోవడం లేదు.

ఆ కార్బురేటర్ కింది అంతస్తులో ఉండే కాషిఫ్ మామది. ఆయనది రాయచోటి. దమ్మామ్‌లో స్పేర్ పార్టుల షాపులో పని. ఒకసారి తష్లీహ్‌కు, అంటే పాత బండ్లను విప్పి అమ్మే యార్డుకు వెళ్ళి, అక్కడ మట్టికొట్టుకుపోయిన జపాన్ మోటార్‌సైకిల్ ఒకటి చూశాడు. ఆయన పుట్టకముందు తయారైన బండి. దాన్ని తెచ్చుకుని, చలికాలమంతా బిల్డింగ్ కింద పార్కింగ్‌లో కూర్చుని బాగుచేసుకున్నాడు. రంగు వచ్చింది. మెరుపు వచ్చింది. కానీ పెట్రోలు పోస్తే చాలు, కార్బురేటర్ నుంచి బొట్లు బొట్లుగా కారిపోతుంది.

మొన్న అమ్మ, సృజన కూరగాయలు తీసుకుని వస్తుంటే కాషిఫ్ మామ బండి ముందు తల పట్టుకుని ఉన్నాడు. అమ్మ సంచులు కింద పెట్టింది. వంగి చూసింది. ఫ్లోటు ఎత్తు తప్పి ఉంటుందని చెప్పింది. ఆయన కాసేపు ఆమె ముఖంలోకి చూసి, మరుసటి రోజు కార్బురేటర్‌ను ఊడదీసి, బట్టలో చుట్టి, మేడ మీదికి తెచ్చి ఇచ్చాడు. నువ్వే చేయి అక్కా అన్నాడు.

అమ్మ పేరు ప్రేమలత. జగిత్యాలలో ఆమె తండ్రి అంజన్నకు మోటార్‌సైకిళ్ళ షెడ్డు ఉండేది. బడి వదలగానే ఆమె ఆ షెడ్డులోనే కూర్చునేది. తర్వాత కరీంనగర్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివింది. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక మాత్రం ఆమె చేతికి స్పానర్ దొరికింది గ్యాస్ సిలిండర్ మార్చేటప్పుడే.

అందుకే నిన్న సాయంత్రం ధహ్రాన్‌లో డ్యూటీ ముగించుకుని బాపు ఇంటికి రాగానే అమ్మ బూట్లయినా విప్పనీయకుండా సంగతంతా చెప్పేసింది. శుక్రవారం సాయంత్రం పాత బండ్లవాళ్ళంతా సముద్రం ఒడ్డున కార్నిష్ దగ్గర కలుస్తారట. కాషిఫ్ అక్కడికి ఈ బండి మీదే వెళ్తాడట. కార్బురేటర్ ఎవరు చేశారని ఎవరైనా అడిగితే, మా మేడ మీది అక్క అని చెప్తాడట.

"నా చెయ్యి మరిచిందో లేదో రేపు తెలుస్తది," అంది అమ్మ. నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు కింద కొంచెం భయం ఉంది. బాపుకు అది వినిపించలేదు. సృజనకు వినిపించింది.

ఇప్పుడు అమ్మ కార్బురేటర్‌ను తలకిందులు చేసి, కొంచెం పక్కకు వంచి చేతుల్లో పట్టుకుంది. అడుగున ఉండే గిన్నె ఊడదీసి ఉంది. లోపల రెండు చిన్న డబ్బాల్లాంటి ఫ్లోట్లు కనబడుతున్నాయి.

బిల్డింగ్ పైన నీళ్ళ ట్యాంకులో తేలే బంతి ఉంటుంది కదా, ఇదీ అంతే. గిన్నెలో పెట్రోలు నిండే కొద్దీ ఫ్లోటు పైకి తేలుతుంది. దానికున్న చిన్న ఇత్తడి నాలిక ఒక సూదిని నెడుతుంది. సూది పోయి పెట్రోలు వచ్చే రంధ్రాన్ని మూసేస్తుంది. ఫ్లోటు సరైన ఎత్తులో ఉంటేనే సూది సరైన సమయానికి మూస్తుంది. ఈ బండికి ఆ ఎత్తు, తలకిందులు చేసి కార్బురేటర్ అంచు నుంచి కొలిస్తే, ఇరవై రెండు మిల్లీమీటర్లు ఉండాలి.

అమ్మ వెర్నియర్ కొలబద్దతో మళ్ళీ కొలిచింది. ఇత్తడి నాలికను స్క్రూడ్రైవర్ మొనతో వెంట్రుకవాసి వంచింది. మళ్ళీ కొలిచింది. ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"ఇరవై రెండు," అంది.

కార్బురేటర్‌ను దుప్పటి మీద పెట్టి లేచింది. గిన్నె బిగించాలంటే, పెట్రోలు కారకుండా దాని అంచుకు వేసే కొత్త గాస్కెట్ కావాలి. కాషిఫ్ షాపు నుంచి పంపుతానన్నాడు. అంతలో స్నానం చేసి వస్తానని, ముట్టుకోవద్దని చెప్పి అమ్మ వెళ్ళింది.

బాత్రూంలో నీళ్ళ చప్పుడు మొదలైందో లేదో బెల్ మోగింది. గాస్కెట్ పట్టుకుని నౌషీన్ వచ్చింది. కాషిఫ్ మామ కూతురు. సృజన క్లాసే.

"ఇంగా అయిపోలేదా? పొద్దున్నించీ ఇదే చేస్తాందా మీ అమ్మ?" అంది నౌషీన్ దుప్పటి వైపు చూస్తూ.

అయిపోయిందని సృజన చెప్పింది.

"గ్యారేజీలో అయితే రెండు నిమిషాల పనంట. మా అబ్బానే వినడంల్యా. అక్క చేస్తాది, అక్క చేస్తాది అంటా కూచున్యాడు."

సృజన చెవులు వేడెక్కాయి. "మా అమ్మ కరెక్టుగ ఇరవై రెండు పెట్టింది. గ్యారేజోళ్ళు కొలుస్తరా?"

"ఏదీ, చూపీ."

ముట్టుకోవద్దన్న మాట సృజనకు గుర్తుంది. గుర్తుండగానే చేయి ముందుకు పోయింది. కార్బురేటర్‌ను తలకిందులుగా టీపాయ్ మీద నిలబెట్టింది. అలా పెడితే కదలకుండా ఉంటుంది, పట్టుకోవడం కూడా సులువు. వెర్నియర్ ఆనించింది. అంకె చూసింది. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూసింది.

ఇరవై.

నౌషీన్ కూడా వంగి చూసింది. పెదవి కొరుక్కుని చిన్నగా నవ్వింది. "మీ అమ్మ మర్చిపోయినట్టుంది లే. పోనీ, నేనేం చెప్పను," అని లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సృజన ఒక్కతే మిగిలింది. బాత్రూంలో నీళ్ళ చప్పుడు, దాని మీదుగా అమ్మ కూనిరాగం వినిపిస్తున్నాయి. అమ్మ పాడి చాలా రోజులైంది.

ఆ రాగం వింటుంటే సృజనకు ఏడుపు వచ్చినంత పనైంది. అమ్మ తప్పు చేసింది. అది అమ్మకు తెలియదు. చెప్తే ఈ రాగం ఆగిపోతుంది. చెప్పకపోతే బండి మళ్ళీ కారుతుంది, అప్పుడు ఈ రాగం అందరి ముందూ ఆగిపోతుంది.

రెండు దారులూ బాగాలేవు. మూడోది ఒకటి కనబడింది. ఎవరికీ తెలియకుండా తనే సరిచేస్తే?

స్క్రూడ్రైవర్ తీసుకుంది. ఇత్తడి నాలికను వంచింది. కొలిచింది. ఎక్కువైంది. వెనక్కి వంచింది. మళ్ళీ కొలిచింది. అయిపోవాలి, తొందరగా అయిపోవాలి. చివరికి వెర్నియర్ ఇరవై రెండు చూపించింది. కార్బురేటర్‌ను దుప్పటి మీద మొదట ఉన్నట్టే పెట్టింది.

అమ్మ తల తుడుచుకుంటూ వచ్చి, గాస్కెట్ వేసి, గిన్నె పెట్టి, స్క్రూలు బిగించింది. మళ్ళీ కొలవలేదు. తను చేసిన పనే కదా. సృజన ఆమెనే చూస్తూ నిలబడింది. ఒక పక్క గర్వంగా ఉంది. ఇంకో పక్క, ముట్టుకోవద్దన్న మాట చెవిలో తిరుగుతోంది.

సాయంత్రం కింద పార్కింగ్‌లో కాషిఫ్ మామ కార్బురేటర్ బిగించాడు. పెట్రోలు ట్యాప్ తిప్పాడు. అందరూ వంగి చూశారు. ఒక్క బొట్టు కూడా కారలేదు. ఆయన కిక్ కొట్టాడు. బండి స్టార్టయింది. గోడలన్నీ ఆ చప్పుడుతో నిండిపోయాయి. అమ్మ దుపట్టా అంచును పిడికిట్లో పట్టుకుని ఉంది.

కాషిఫ్ మామ యాక్సిలరేటర్ తిప్పాడు. బండి ఒక్కసారి దగ్గి, గుటుక్కుమని ఆగిపోయింది.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ స్టార్టయింది. తిప్పగానే మళ్ళీ ఆగిపోయింది. అలా ఎన్నిసార్లు చేసినా అంతే. చివరికి ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

ఆయన మంచివాడు. అమ్మను ఒక్క మాట అనలేదు. చాలా పాత బండి కదా అన్నాడు. శనివారం గ్యారేజీలో చూపిస్తానన్నాడు. రేపు కార్నిష్‌కు కార్లోనే వెళ్తాడట. నౌషీన్ సృజన వైపు చూసింది. అమ్మతో సరిచేయించి ఉండాల్సింది కదా అన్నట్టుంది ఆ చూపు.

లిఫ్టులో అమ్మ తన అరచేతులు చూసుకుంది.

"మరిచింది," అంది. సృజనతో కాదు. ఆ చేతులతో.

ఆ రోజు అన్నం తినేటప్పుడు బాపు అమ్మను నవ్వించాలని చూశాడు. ఇండియాలో ఇంజన్, ఇక్కడ ఇంజన్ ఒకటేనా, దీనికి అరబ్బీలో చెప్తేనే అర్థమవుతుందేమో అన్నాడు. అమ్మ నవ్వినట్టే పెదవులు కదిపి ప్లేట్లు తీసుకుని లేచింది.

శుక్రవారం పొద్దున వీధి నిశ్శబ్దంగా ఉంది. బాపు ఇంకా నిద్రలేవలేదు. సృజన హాల్లోకి, వంటింట్లోకి, బాల్కనీలోకి తిరుగుతోంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. తలలో ఒకే ప్రశ్న ఈగలా తిరుగుతోంది. అమ్మ తప్పు తను దిద్దింది. మరి బండి ఎందుకు ఆగింది? దిద్దింది సరిపోలేదా? లేక...

ఆ 'లేక' దగ్గరికి వచ్చి ప్రతిసారీ వెనక్కి తిరుగుతోంది.

వంటింట్లో అమ్మ స్టూల్ ఎక్కి ఉంది. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు ఒక పాలపొడి డబ్బాలో వేసి పై అరలో అన్నిటికన్నా వెనక్కి తోస్తోంది. తర్వాత కిందికి చేయి చాపి వెర్నియర్ ఇమ్మంది. సృజన అందుకుంది. కానీ ఇవ్వలేదు.

"అమ్మా, ఇరవై ఉంటే ఏమైతది?"

"పెట్రోలు ఎక్కువ నిలుస్తది. పొంగి కారుతది. అటియ్యి."

"మరి ఇరవై రెండు కన్నా ఎక్కువుంటే?"

"అప్పుడు సూది తొందరగ మూసుకుంటది. పెట్రోలు చాలదు. బండి స్టార్టయితే అయితది గాని, తిప్పంగనే..."

అమ్మ ఆగిపోయింది. పై అరలో ఉన్న చేయి అలాగే ఉండిపోయింది. మెల్లగా తల తిప్పి చూసింది.

"ఇరవై ఎక్కడ చూసినవే?"

సృజన నోటి నుంచి మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నౌషీన్ వచ్చింది, ఎగతాళి చేసింది, చూపిద్దామని కొలిచింది, ఇరవై వచ్చింది, దిద్దింది. చెప్తున్నంతసేపూ అమ్మ కాళ్ళనే చూసింది. ఆ కాళ్ళు ఒక్కొక్కటే స్టూల్ దిగాయి.

అమ్మ ముఖంలోకి కోపం వచ్చింది. అది నిజం. దాని వెనకాలే ఇంకోటి వచ్చి కోపాన్ని పక్కకు తోసేసింది.

"ఎట్ల పట్టినవ్?" అని అడిగింది.

సృజన చేతులతో చూపించింది. తలకిందులుగా, బల్ల మీద, నిటారుగా.

అమ్మ ఒక్క ఊపిరి బయటికి వదిలింది. నిన్న సాయంత్రం నుంచి లోపలే ఉండిపోయిన ఊపిరిలా ఉంది అది.

"ఆ సూది చివర ఇంత పిన్ను ఉంటది. దాని కింద స్ప్రింగు ఉంటది, ఆవగింజంత. నువ్వు గట్ల నిలబెడితే ఫ్లోటు బరువంత దాని మీద పడ్డది. పిన్ను లోపలికి పోయింది. నొక్కి కొలిస్తే తక్కువనే చూపిస్తది బిడ్డా. ఇరవై రెండు ఉన్నదాన్ని ఇరవై అనుకుంటివి."

"మరి నేను ఇరవై రెండు చేసిన గదా."

"నొక్కి చేసినవు. వదిలితే ఇరవై నాలుగు."

సృజనకు అర్థమైంది. అమ్మ చేయి ఏమీ మరవలేదు. చెడగొట్టింది తనే.

"నాకు చెప్పాలె గదనే," అంది అమ్మ.

"నీకు తెలిస్తే చిన్నబుచ్చుకుంటవని చెప్పలే."

అమ్మ చేత్తో సృజన జుట్టు వెనక్కి దువ్వింది.

"నిన్నటి సంది నేను గదే పనిల ఉన్న," అంది.

తర్వాత మళ్ళీ స్టూల్ ఎక్కి డబ్బా దింపింది.

కాషిఫ్ మామ తెల్లని దుస్తులు వేసుకుని జుమ్మా నమాజుకు బయల్దేరుతున్నాడు. తలుపు దగ్గర అమ్మ నోరు విప్పబోయింది. సృజన ఆమె కన్నా ముందుకు వెళ్ళి నిలబడింది. తను చేసిందంతా చెప్పింది. నౌషీన్ తండ్రి వెనకాల నిలబడి వింటోంది. ఆమె తనను ఎగతాళి చేసిన సంగతి మాత్రం సృజన చెప్పలేదు. నౌషీన్ అది గమనించింది.

కాషిఫ్ మామ కాసేపు గడ్డం గోక్కున్నాడు. నమాజు నుంచి వచ్చేలోగా విప్పి సరిచేయగలవా అక్కా అని అడిగి, తాళం అమ్మ చేతిలో పెట్టి వెళ్ళాడు.

పార్కింగ్‌లో ఎవరూ లేరు. నౌషీన్ కూడా వాళ్ళతో వచ్చింది. అమ్మ పెట్రోలు ట్యాప్ మూసింది, పైపు పీకింది, కార్బురేటర్‌ను బయటికి తీసింది. లోపల మిగిలిన పెట్రోలును సీసాలోకి వంపింది. గిన్నె విప్పింది. అన్నీ చేసి, దాన్ని తీసుకెళ్ళి సృజన చేతుల్లో పెట్టింది.

"నువ్వే పట్టు."

సృజన అమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ నిజంగానే అంటోంది.

"నిటారుగ వద్దు. ఒక పక్కకు వంచు. ఇంకొంచెం. ఇప్పుడు ఫ్లోటు వేలాడుతున్నది చూడు. మెల్లగ వాల్చుకుంట రా. నాలిక పోయి పిన్నుకు ఆనాలె. నొక్కొద్దు. కాగిన పాలకు పెదవి ఆనించి వేడి చూస్తం చూడు, గట్ల. ఆనీ ఆనకుండ."

సృజన వంచింది. ఫ్లోటు కదిలింది. నాలిక పిన్ను వైపు జరిగింది. ఇంకా జరగాలి. తొందరపడి ఇంకాస్త వాల్చింది. నాలిక ఒక్కసారిగా పిన్ను మీద పడింది. పిన్ను లోపలికి పోయింది.

మళ్ళీ మొదటి నుంచి.

దూరంగా మసీదు మైకులో ప్రసంగం వినిపిస్తోంది. నౌషీన్ ఒంటికాలి మీద గెంతుతోంది.

"తొందరగా పట్టు సృజనా. అబ్బా వచ్చేస్తాడు. కార్నిష్‌కు లేటయితాది."

సృజన ఒంటి మీద చీమలన్నీ ఒకేసారి లేచాయి. ఆ చేయి కొంచెం నొక్కితే చాలు, అయిపోతుంది. అంకె వచ్చేస్తుంది. ఈ బిగుసుకోవడం పోతుంది.

కళ్ళు నాలిక మీదే నిలిపింది. చీమలను పాకనిచ్చింది. పాకి పాకి అవే కొంచెం నెమ్మదించాయి. నాలికకు, పిన్నుకు మధ్య సన్నని వెలుగు గీత కనబడుతోంది. అది సన్నబడింది. ఇంకా సన్నబడింది.

"ఆనిందా?" అంది అమ్మ.

"ఇంకా లేదు."

నౌషీన్ గెంతడం ఆపి, దగ్గరికి వచ్చి వంగింది. ముగ్గురి తలలూ ఒకచోట చేరాయి.

గీత పోయింది. పిన్ను కదల్లేదు.

"ఇప్పుడు," అంది సృజన గుసగుసగా.

అమ్మ వెర్నియర్ ఆనించింది. ఎంతో చూసి చెప్పమంది. సృజన చూసింది. అది ఇరవై రెండు అయితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

"ఇరవై నాలుగు," అంది.

అమ్మ తల ఊపింది. స్క్రూడ్రైవర్ తీసుకుని నాలికను వెంట్రుకవాసి వంచింది. సృజన మళ్ళీ పట్టింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ వంచడం, మళ్ళీ పట్టడం. చివరిసారి వెర్నియర్ చూసి సృజన చెప్పిన అంకెను, అమ్మ వంగి తనూ చూసింది. ఆ తర్వాతే గిన్నె బిగించింది.

వాళ్ళు పైపు పెడుతుండగా కాషిఫ్ మామ వచ్చాడు. తెల్లని బట్టలకు మసి అంటుతుందేమో అని దూరంగా నిలబడ్డాడు. కిక్ నువ్వే కొట్టక్కా అన్నాడు.

అమ్మ అటూ ఇటూ చూసింది. దుపట్టా నడుముకు బిగించింది. కిక్ మీద కాలు పెట్టింది. మొదటిసారి బండి స్టార్టు కాలేదు. రెండోసారి అయింది. ఆమె యాక్సిలరేటర్‌ను కొంచెం తిప్పింది. బండి ఆగలేదు. ఇంకొంచెం తిప్పింది. చప్పుడు పెరిగి గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చింది. కాషిఫ్ మామ ఏదో అంటున్నాడు గానీ ఎవరికీ వినిపించలేదు.

అమ్మ చేయి వదిలింది. చప్పుడు తగ్గింది. మరీ తగ్గింది. బండి ఒక పక్కకు కుంటుతున్నట్టు, ఇప్పుడో ఇంకాసేపటికో ఆగిపోయేలా కొట్టుకుంటోంది.

కార్బురేటర్ పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంది. ఆ చప్పుడును సరిచేసేది అదేనని సృజన ఎప్పుడో చూసి పెట్టుకుంది. స్క్రూడ్రైవర్ ఆమె చేతిలోనే ఉంది. చేయి ముందుకు వెళ్ళింది. మొన స్క్రూ గాడిలో కూర్చుంది కూడా.

అక్కడ ఆగింది.

"అమ్మా, దీన్ని తిప్పాల్నా?"

అమ్మ తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని ఇంజన్ వింటోంది. కళ్ళు తెరవకుండానే చెప్పింది.

"తిప్పు. మెల్లగ. నేను ఆపమన్నప్పుడు ఆపు."